ఈసారి ఫ్లెక్స్ షాపుకు వెళ్లొద్దు



ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో సర్ సి.వి.రామన్ తన రామన్ ఎఫెక్ట్‌ను ప్రకటించిన రోజు అది. ఆ వారం పిల్లలకు స్కూల్లో ఎగ్జిబిషన్. ముందు రోజు రాత్రి మనకు ఫ్లెక్స్ షాపు దగ్గర పడిగాపులు. ఈసారి అక్కడికి వెళ్లొద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నిరుడు నేనూ వెళ్లాను. అప్పుడు ఆరో తరగతిలో ఉన్న మా అమ్మాయికి గుండె బొమ్మ కావాలి. నెట్‌లో దొరికినదాన్ని షాపతనికి వాట్సాప్‌లో పంపాను. అరగంటలో నిగనిగలాడే పోస్టర్ చేతికొచ్చింది. మర్నాడు ఎగ్జిబిషన్ చూడటానికి వచ్చిన ఒక సైన్స్ మేడమ్ మా పాపను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఎడమ జఠరిక నీ బొమ్మలో కుడివైపు ఎందుకుందమ్మా?"

పాప బొమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నాకూ వెంటనే తట్టలేదు. బొమ్మలోని గుండె మనకు ఎదురుగా నిలబడిన మనిషిది, కాబట్టి అతని ఎడమ మనకు కుడి. ఒక్కసారి తన చేత్తో గీసి, పేర్లు రాసి ఉంటే ఆ సందేహం తనకే వచ్చేది. ఆ అవకాశం లేకుండా చేసింది నేనే.

అందుకే మొన్న సంక్రాంతి సెలవుల్లో పద్ధతి మార్చాం. అదే గుండెను పాప ఏ4 కాగితం మీద పెన్సిల్‌తో గీసి, రంగులు వేసింది. దాన్ని స్కాన్ చేసి, ఇంట్లో ఉన్న మామూలు ప్రింటర్‌తోనే గోడంత పోస్టర్ చేశాం. మీరూ చేయొచ్చు.

ఏ4 కాగితాలు నాలుగు కలిపితే ఏ2 సైజు, ఎనిమిది కలిపితే ఏ1 సైజు. ఏ1 అంటే దాదాపు రెండడుగుల వెడల్పు, రెండుముప్పావు అడుగుల ఎత్తు. 300 డీపీఐలో స్కాన్ చేసిన ఏ4 బొమ్మను ఏ1కు పెంచితే అంగుళానికి సుమారు వంద చుక్కలే మిగులుతాయి. నాలుగైదు అడుగుల దూరం నుంచి చూడటానికి అది చాలు. అక్షరాలు ఇంకా స్పష్టంగా రావాలంటే 600లో స్కాన్ చేయండి. స్కానర్ లేకపోతే ఫోన్‌లోని స్కాన్ యాప్ వాడండి, నీడ పడకుండా చూసుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది.

ఆ ఫైలును పీడీఎఫ్‌గా చేసి అడోబీ అక్రోబాట్ రీడర్‌లో తెరవండి. ప్రింట్ నొక్కితే 'పోస్టర్' అనే ఆప్షన్ కనిపిస్తుంది. అక్కడ సైజు శాతం మారుస్తుంటే ఎన్ని కాగితాలు పడతాయో చూపిస్తుంది. ప్రింటర్ నాలుగు వైపులా కొంచెం తెల్ల అంచు వదులుతుంది కాబట్టి ఓవర్‌ల్యాప్ కొద్దిగా పెట్టండి. ముందు ఒక్క కాగితమే తీసి రంగులు చూసుకోండి. అన్నీ వచ్చాక ప్రతి కాగితానికి ఎడమ అంచు, పై అంచు కత్తిరించి, గీతలు కలిసేలా పక్కదాని మీద పెట్టి, వెనకవైపు టేపు వేయాలి. ఈ పని పిల్లలదే. కత్తెర ఒక్కటే మనం గమనిస్తే చాలు.

అతికించేటప్పుడు మా పాప ఆగిపోయింది. "నాన్నా, రెండు జఠరికల గోడలూ ఒకే మందంగా గీశాను" అంది. పుస్తకం తెచ్చి చూసింది. ఎడమ జఠరిక ఒళ్లంతటికీ రక్తాన్ని పంపాలి కాబట్టి దాని గోడ మందంగా ఉంటుంది. చిన్న కాగితం మీద కనిపించని తప్పు పెద్దదయ్యాక కనిపించింది. దిద్దుకుంది, మళ్లీ స్కాన్ చేశాం. తప్పున్న రెండు కాగితాలు మాత్రమే మళ్లీ ప్రింట్ తీశాం.

ఇందులో డబ్బు ఆదా అవుతుందని నేను చెప్పను. కలర్ ఇంకు లెక్కేస్తే ఫ్లెక్సే చవక కావచ్చు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఒక ఆదివారం దొరకడమూ కష్టమే. పైగా మా పోస్టర్‌లో గీతలు వంకరగా ఉన్నాయి, అతుకులు కనిపిస్తున్నాయి. కానీ ఇప్పుడు ఎవరు ఏ ప్రశ్న అడిగినా పాప నా వైపు చూడటం లేదు.

గ్రహాల ఫొటోల్లాంటివి పిల్లలు గీయలేరు, నిజమే. అలాంటప్పుడు నాసా ఫొటోలు, ఇండియా మ్యాప్ అయితే సర్వే ఆఫ్ ఇండియా సైటులోది తీసుకోండి. పేర్లు మాత్రం పిల్లల చేతే రాయించండి.

స్కూలు వారికీ ఒక విన్నపం. టాపిక్ కనీసం రెండు వారాల ముందు చెప్పండి. పోస్టర్ మెరుపుకు కాకుండా, దాని పక్కన నిలబడిన పిల్లల జవాబుకు మార్కులు వేయండి. అప్పుడు మేమూ ఫ్లెక్స్ షాపుకు పరుగెత్తం.

— ఏడో తరగతి విద్యార్థిని తండ్రి