కూల్చేవాడే నిలబెట్టాలి



1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం ఉండాలన్నవాళ్లు 269. పోవాలన్నవాళ్లు 270. ఆ ఒక్క ఓటు గిరిధర్ గమాంగ్‌దా, పార్టీ మాట దాటిన సైఫుద్దీన్ సోజ్‌దా అని ఊరూరా వాదులాడుకుంటున్నాం. ఒరిస్సా ముఖ్యమంత్రి పీఠమెక్కిన గమాంగ్ ఎంపీగా ఓటేయడం తగునా? తగదు. స్పీకరు స్థానంలో ఉన్న మన బాలయోగి గారు దాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. మనమూ వదిలేద్దాం. నిలదీయాల్సింది ఆ 270 మందినీ!

పొమ్మన్నారు సరే, తర్వాత ఎవరు? ఆ సంగతి తేల్చుకోకుండానే ఓటేశారు. తమకు 272 మంది బలం ఉందని 21న సోనియా గాంధీ రాష్ట్రపతి నారాయణన్‌కు చెప్పారు. ఆ బలం కూడలేదు. కూల్చడానికి కలిసొచ్చిన ములాయంసింగ్, ఆమెను గద్దెనెక్కించడానికి ససేమిరా అన్నారు. 26న లోక్‌సభ రద్దు. 1996 నుంచి ఇది మూడో ఎన్నిక. ఖర్చు మన నెత్తిన.

ఇది ప్రజాస్వామ్యం కాదు, దొమ్మీ. పడగొట్టేటప్పుడు 270 చేతులు, నిలబెట్టేటప్పుడు ఒక్కటీ లేదు. 1954 నవంబరులో నాటి ఆంధ్రరాష్ట్ర రాజధాని కర్నూలులోనూ ఇంతే. మద్యనిషేధం గొడవలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వాన్ని ఒక్క ఓటుతోనే దించారు. దించినవాళ్ల నుంచి మంత్రివర్గం రాలేదు, రాష్ట్రపతి పాలన వచ్చింది. అప్పటికి ఆంధ్రరాష్ట్రం పుట్టి పదమూడు నెలలు!

జర్మనీకి ఈ నొప్పి తెలుసు. హిట్లర్‌కు ముందు అక్కడ రెండు కొసల పార్టీలూ కూల్చడానికి కలిసేవి, పాలించడానికి కలిసేవి కావు. అందుకే 1949 రాజ్యాంగంలో 67వ అధికరణం పెట్టుకున్నారు: సభ కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకుంటేనే పాతవాడు దిగుతాడు. 1982 అక్టోబరు 1న ష్మిట్‌ను దించిన ఓటే కోల్‌ను ఎక్కించింది.

మనకూ అదే కావాలి. అవిశ్వాస తీర్మానంలోనే కాబోయే ప్రధాని పేరుండాలి. విశ్వాస తీర్మానం ఓడినా, సభ మరొకరిని ఎన్నుకున్నాకే ఉన్న ప్రభుత్వం దిగాలి.

దీంతో ప్రభుత్వాలకు తలబిరుసు పెరుగుతుందట. నిజంగా బలమున్నవాడు రేపే పేరు చెప్పి దించవచ్చు, అడ్డేముంది? రాజ్యాంగం సవరించాలట. 1999 మే నాటికే 78 సార్లు సవరించలేదా?

మళ్లీ ఓట్లడగడానికి వస్తారు. ఏ కండువా అయినా సరే, గుమ్మం దగ్గరే ఆపి ఈ రెండు మార్పులకూ ఒప్పుకుంటారో లేదో అడగండి. నోటిమాట చాలదు. ఈ కాగితం వెనకే సంతకం పెట్టించుకోండి.

మే, 1999