సమాచారపు కాలువకు చివరి ఆయకట్టు

పత్తి తీతలు మొదలైనది మొదలు మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు ఎరువుల మాటకంటె ముందుగా నెట్టు మాట యెత్తుచున్నారు. యాపు తెరచుకొనుట లేదని యొకరు, ఓటీపీ అంకె వచ్చినదిగాని పుట కదలక గడువు దాటిపోయినదని మరియొకరు, చెరువు గట్టెక్కి నిలుచున్నను సిగ్నలు అందలేదని వేరొకరు. ఇవి వినోదమునకు సంబంధించిన చిన్న మొరలని త్రోసివేయుటకు వీలులేదు. 2025లో భారత పత్తి సంస్థవారు కపాస్ కిసాన్ అను యాపును తెచ్చి, మద్దతు ధరకు పత్తి నమ్మదలచిన రైతు అందులో నమోదై, సరకు తెచ్చు దినమును ముందుగా కుదుర్చుకొనవలెనని నియమము చేసిరి. పంట నమోదునకు నెట్టు కావలెను. పీఎం కిసాన్ సొమ్మునకు ఈకేవైసీ కావలెను. చౌకధరల దుకాణమున వేలిముద్ర పడిననేగాని బియ్యము రావు. మన సంఘముల చిట్టాలు సైతము, 2022 జూన్ మాసమున కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన కంప్యూటరీకరణ పథకముతో, అదే దారి పట్టినవి. ఒకప్పుడు బండి యిరుసు విరిగిన రైతు సంతకు పోలేకపోయెడివాడు. నేడు బండి సిద్ధముగా నుండియు, సరకు నిండుగా నుండియు, గాలిలోని దారి మూసికొనిపోయినచో కదలలేకున్నాడు.

ఈ దారిని నడుపు కంపెనీలు నానాటికి పెరుగుచున్న రద్దీని ఎట్లు సర్దుచున్నవో, అందులో న్యాయమెంతయో, మనకు రావలసిన వంతు ఎంతయో కొంత తెలిసికొనుట అవసరమని మా యభిప్రాయము. తెలియకున్న మన కోపము పోవలసినచోటికి పోక, కార్యాలయములోని గుమాస్తాపై పడుచున్నది.

మొదట పెరుగుదల సంగతి. ప్రభుత్వ లెక్కల ప్రకారము 2014లో దేశమునందు ఒక్కొక్క చందాదారుడు నెలకు వాడిన డేటా సుమారు 62 మెగాబైట్లు. 2024 నాటికి అది 20 గిగాబైట్లు దాటినది. అనగా పదేండ్లలో మూడువందల రెట్లకు పైగా. ఇంతటి వాడకమునకు ముఖ్యకారణము ధర పడిపోవుట. 2014లో గిగాబైటు ఒకటికి రూ. 269 వరకు పడుచుండగా, 2016 సెప్టెంబరులో జియో రంగములోనికి దిగిన పిమ్మట పోటీ ముదిరి, కొన్ని యేండ్లలోనే 10 రూపాయలకు లోపుగా వచ్చినది. ధర తగ్గుట మేలే. దానిని మేము తప్పుపట్టము. కాని చవుకయైన నీటికి కాలువ వెడల్పు కాకున్న ఏమగునో మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

నాగార్జునసాగరు కుడికాలువ నెరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. పైభూముల రైతు తూము ఎత్తి వరి వేసికొనును. క్రింద దర్శి దిక్కున చివరి ఆయకట్టు రైతు, కాగితముమీద నీరున్నదని చదువుకొని, పొలములో బీటలు చూచుకొనును. సెల్ టవరు అటువంటి తూమే. సాధారణముగా ఒక టవరు మూడు దిక్కులకు మూడు భాగములుగా తన తరంగములను పంపును. ఒక్కొక్క భాగమునకు గల శక్తి పరిమితము. ఆ దిక్కున నున్న వారందరును దానిని పంచుకొనవలెను. లెక్కకొరకు ఒక దిక్కున సెకనుకు 30 మెగాబిట్లు అందుననుకొందము. సినిమా చూచువా రొక్కొక్కరు 2 మెగాబిట్లు లాగినచో 15 మందితో అది సరి. పదునారవవాడు వచ్చెనా, అందరిదియు కొంచెము కొంచెము తగ్గును. రాత్రి యెనిమిది గంటలు మొదలు పదునొకండువరకు, అందునను క్రికెట్టు ఆటయున్న దినమున, జరుగుచున్నది ఇదియే.

ఇందులో మరియొక చిక్కు కలదు. టవరునకు దగ్గరగా నున్నవానికి పంపినంత సమాచారమునే, కొనకనమిట్ల, మర్రిపూడి దిక్కున కొండచాటు పల్లెలో నున్నవానికి పంపుటకు టవరు ఎక్కువ కాలము, ఎక్కువ తరంగభాగము వెచ్చింపవలసి వచ్చును. మట్టికాలువలో దూరపు చేనికి పోవునప్పుడు నీరు ఇంకిపోవునట్లే. అందుచేత టవరులోని యంత్రము, ఎవనికి ఎప్పుడు ఇయ్యవలెనన్న నిర్ణయమును 4జీ పద్ధతిలో సెకనులో వెయ్యవవంతు కొకసారి చేయుచుండును. సిగ్నలు బాగుగా నున్నవానికే యంతయు ఇచ్చిన మొత్తము సరఫరా పెరుగును, దూరపువాడు మాడును. అందరికి సమముగా నిచ్చిన న్యాయము కనబడును, మొత్తము తగ్గును. ఈ రెంటికి నడుమ, ఇంతకుముందు తక్కువ పొందినవానికి కొంత మొగ్గు చూపుచు, ఆ యంత్రము వంతులు వేయును. వంతులు వేయుట తప్పు కాదు. మొగ్గు ఎంతవరకన్నది కంపెనీ చేతిలోని కీలు. ఆ కీలు ఎటు త్రిప్పబడినదో మనకు తెలియదు. మా అభ్యంతర మంతయు అక్కడనే.

కంపెనీలు చేయుచున్న సర్దుబాట్లలో మంచివి లేకపోలేదు. ఒకే సినిమాను వేయిమంది చూతురు. దానిని వేయిమారులు దూరదేశమునుండి తెచ్చుట వృథా. అందుచేత ఆ సినిమాల ప్రతులను సమీప నగరములలోని తమ యంత్రాగారములలో ముందే నింపి యుంచుదురు. మన సంఘము యూరియాను సీజనుకు ముందే గిడ్డంగిలో దించి యుంచదా? ప్రతి సభ్యుడును బస్తా కొరకు కృష్ణపట్నము రేవునకు పోవుటలేదుగదా! అటులనే, దారి యిరుకైనప్పుడు చిత్రముయొక్క స్పష్టతను తగ్గించి బరువు దింపు ఏర్పాటు కలదు. 2020 మార్చిలో దేశమంతయు ఇంట కూర్చుండిన దినములలో, యూట్యూబు, నెట్‌ఫ్లిక్సు, హాట్‌స్టారు మొదలగువారు మొబైలు నెట్టుపై తమ చిత్రముల స్పష్టతను 480 స్థాయికి దించుకొనుటకు ఒప్పుకొనిరి. చూచువారి కన్నులకు నష్టము స్వల్పము. దారి మాత్రము నిలిచినది. దీనిని మేము సర్దుబాటునకు మంచి మాదిరిగా ఎంచుచున్నాము. ఏమి చేయుచున్నారో పదిమందికి చెప్పి చేసిరి, ఒక గడువు పెట్టుకొని చేసిరి.

కొత్త తరంగములు చేర్చుట, టవరు భాగములను చీల్చుట, 2022 అక్టోబరు 1న దేశమున ప్రారంభమైన 5జీ – ఇవన్నియు కాలువ వెడల్పు చేయు పనులు. ఖర్చు గలవి గనుక జనము గుమిగూడిన చోటనే ముందుగా జరుగును. పల్లెటూరి టవరునకు మరియొక లోపము వెనుక నుండును. టవరునుండి పట్టణమునకు ఫైబరు తీగ లేక, పళ్లెమువంటి పరికరముతో గాలిద్వారానే వెనుకకు కలిపియుందురు. ముందు 5జీ పలక వ్రేలాడదీసి వెనుక ఇరుకుదారి వదలినచో, ఫోను మీద 5 అంకె కనబడును, పని 3 వలె జరుగును. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ చచ్చి టవరే మూగవోవుట వేరొక కథ. దానిని రద్దీ అని పిలుచుట అన్యాయము.

దినమునకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ అను పద్ధతినిగూర్చి ఒక మాట. మిగిలినది అర్ధరాత్రితో మురిగిపోవును గనుక, అవసరము లేకున్నను రాత్రివేళ దానిని ఖర్చుచేయు నలవాటు యువకులలో పెరిగినది. వంతు వచ్చినది గదాయని తడిసిన చేనినే మరల తడుపుటకు ఇది సాటి. నెల మొత్తమునకు ఒకే కొలత నిచ్చి, వేకువజామున వాడినదానిని సగముగా లెక్కించినచో రాత్రి రద్దీ కొంతయైన తగ్గునని మేము తలంచుచున్నాము. ఈ సూచన కంపెనీలకు రుచింపకపోవచ్చును.

ఇక చట్టము సంగతి. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు, చూచు విషయమునుబట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టరాదని ఉత్తరువు చేసిరి. ఏవో కొన్ని పుటలు మాత్రమే ఉచితముగా చూపెదమన్న ఫ్రీ బేసిక్స్ పథకము దానితో మన దేశమున ఆగిపోయెను. ఉచితమన్నదానిని వద్దనుట అప్పుడు కొందరికి వింతగా తోచినది. ఉచితపు దారి యొక కొట్టు గుమ్మమునకే తీసికొనిపోవునప్పుడు, మిరప రైతు తన ధర తెలిసికొనదలచిన పుట ఆ దారిలో లేకున్న, వానికి దానివలన ఏమి లాభము? తరువాత 2018 జూలైలో, ఏ సమాచారమునైనను పక్షపాతముతో ఆపుట, నెమ్మదింపజేయుట, ముందుకు తోయుట కూడదను సూత్రమును ప్రభుత్వము అంగీకరించెను. రద్దీని సర్దుటకు తగు చర్యలు తీసికొనవచ్చును. అవి మితముగాను, తాత్కాలికముగాను, అందరికి తెలియునట్లును ఉండవలెను. ఈ చర్యలను కనిపెట్టి చూచుటకు కంపెనీలు, వినియోగదారులు మొదలగు పలుపక్షములు గల యొక మండలి యుండవలెనని 2020 సెప్టెంబరులో ట్రాయ్ వారు సిఫారసు చేసిరి. అట్టి మండలిలో పట్టణ నిపుణులతోపాటు వ్యవసాయదారుల ప్రతినిధి యొకడు కూర్చుండవలెనని మా కోరిక.

ఇప్పుడు కంపెనీలు మరియొక వాదము తెచ్చుచున్నవి. రద్దీలో పెద్దభాగము కొన్ని వీడియో సంస్థలది గనుక, దారి ఖర్చులో ఆ సంస్థలు వాటా చెల్లింపవలెనట. పైకి న్యాయముగనే కనబడును. మాలో కొందరు మొదట దీనికి మొగ్గిరి కూడ. కాని యోచింపగా మాకు వ్యతిరేకముగానే తోచుచున్నది. వీడియోను పిలిచినవాడు చందాదారుడు. ఆ పిలుపునకు అతడు నెలనెల చెల్లించుచునే యున్నాడు. సుంకము కట్టినవాడు రేపు ముందువరుస కోరడా? సుంకము కట్టలేని చిన్న పుట, ధరల పుట, వాతావరణ పుట, వెనుకవరుసలో నిలువవలసి రాదా? చివరి ఆయకట్టునకు డబ్బు కావలెనన్న దానికొరకే 2002లో సార్వత్రిక సేవా నిధి నేర్పరచిరి. కంపెనీల రాబడినుండి నూటికి 5 వంతున అందులో చేరుచున్నది. 2023 టెలికాం చట్టముతో దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మారినది. ముందుగా ఆ ధనమును ఫైబరు లేని పల్లె టవరులకు ఫైబరు వేయుటకు ఖర్చుచేసి చూపవలెను.

ఫైబరు విషయమున మన రాష్ట్రము ఒక సాహసము చేసినది. భూమి త్రవ్వక, కరెంటు స్తంభములమీదుగనే తీగ లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్‌గారిచే ఫైబర్‌నెట్‌ను ప్రారంభింపజేసిరి. నెలకు రూ. 149కి నెట్టు, టీవీ, ఫోను కలిపి ఇత్తుమనిరి. త్వరగాను చవుకగాను పని జరిగినది. స్తంభము మీది తీగకు గాలివానయు, ఎత్తుగా గడ్డి వేసికొనిపోవు ట్రాక్టరును శత్రువులు. ఆ లోపముల నెంచుచునే, ఇంటిలోనికి తీగ వచ్చినచో రాత్రి సినిమాలు గాలిదారిని వదలి తీగదారి పట్టుననియు, పొలములో నున్నవానికి గాలిదారి ఖాళీ యగుననియు మనము మరువరాదు. తీగ లేకుండ 5జీ గాలిద్వారానే ఇంటి నెట్టు నిచ్చు పద్ధతి యిప్పుడు వ్యాపించుచున్నది. పల్లెలో అదియు టవరు తరంగములనే త్రాగును. దానిని అమ్ముటకు ముందు టవరునకు అంత శక్తి యున్నదాయని అడుగవలసిన వారము మనమే.

అమెరికాలో పెద్ద కంపెనీలు పల్లెలకు తీగ వేయమనినప్పుడు రైతులే సహకార సంఘములుగా చేరి టెలిఫోను వేసికొనిరి. 1949లో అచటి ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ చట్టమును సవరించి అట్టి పనులకు అప్పులిచ్చెను. ఆ సంఘములలో పెక్కు నేడు తమ సభ్యులకు ఫైబరు నెట్టు నిచ్చుచున్నవి. మనము వెంటనే అంత పనికి పూనుకొనలేము. కాని 2020 డిసెంబరులో కేంద్రము ఆమోదించిన పీఎం వాణి పథకము ప్రకారము లైసెన్సు లేకయే ఏ దుకాణమైనను, సంఘమైనను వైఫై కేంద్రము నడుపవచ్చును. 2023 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందముతో ప్రాథమిక పరపతి సంఘములు సామాన్య సేవా కేంద్రములుగా పనిచేయుటకును దారి తెరచుకొన్నది. సంఘ కార్యాలయమునకు ఫైబరు ఒకటి, అది తెగిన దినమునకు వేరొక కంపెనీ సిమ్ము ఒకటి ఉంచి, కొనుగోలు కాలమున వసారాలో సభ్యులకు వైఫై నిచ్చుట మన చేతిలోని పని. పాలకవర్గము రాబోవు సమావేశమున దీనిని చర్చింపవలెనని కోరుచున్నాము. సంఘపు చిట్టాలను పై కార్యాలయమునకు పంపు పని సాయంత్రముగాక ఉదయము ఆరుగంటలలోపు జరుగునట్లు చూచిన మనవంతు రద్దీయు తగ్గును.

సభ్యులకు ఒక సూచన. యాపు తెరచుకొననప్పుడు వేరొక పుట తెరచి చూడుడు. అది తెరచుకొన్నచో దోషము టవరుది కాదు, యాపు నడుపు కార్యాలయపు యంత్రముది. అప్పుడు టెలిఫోను కంపెనీని తిట్టి లాభము లేదు. ఏదియు తెరచుకొనక, ఓటీపీ మాత్రము వచ్చుచున్నచో దారి యిరుకైనదని గ్రహింపుడు. ఆ చిన్న సందేశము సాధారణముగా సంకేతముల బాటన వచ్చును గనుక డేటా బాట నిండినను అందుచుండును. ఫోను మాటయే కలియనిచో టవరు పడినదో, సిగ్నలు అందనిదో యగును. మూడును మూడు వేరు ఫిర్యాదులు.

2024 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన ట్రాయ్ సేవా ప్రమాణముల ప్రకారము కంపెనీలు తమ సిగ్నలు అందు ప్రాంతముల పటములను ప్రకటింపవలెను. ఆ పటములో మీ యూరు రంగుతో నిండియుండి, మీ చేతిలోని ఫోను మూగగా నున్నచో అది మాకు తెలియవలెను. సంఘ కార్యాలయమున ఇందులకై ఒక పుస్తకము పెట్టబడినది. తేది, వేళ, ఊరు, పొలము పేరు, కంపెనీ పేరు, పైమూటిలో ఏ విధమైన లోపమో అందు వ్రాయుడు. ముందుగా కంపెనీకి ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసికొని, దానినికూడ వ్రాయుడు. ఆ సంఖ్య లేకున్న పై అప్పీలు అధికారి వినడు. చదువురానివారికి గుమాస్తా వ్రాసిపెట్టును. నెల చివర మేము ఊరివారీగా వాటిని కూర్చి, సంఘము ముద్రతో ఆయా కంపెనీల అప్పీలు అధికారులకు పంపుదుము. వచ్చిన జవాబులను ఈ పత్రికయందే ప్రకటింతుము.