కొలిమికి మైల లేదు

కొలిమి అమ్మవారంటారు, నెలసరి ఆడది దగ్గరికొస్తే ఇనుము పదును చస్తుందంటారు. చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని సంప్రదాయమని వెనకేసుకొస్తుంటే ఒళ్ళు మండుతుంది. మొన్న మా పక్కూళ్ళో కోతల వేళ కొడవలి అంచు వంగిపోయిందని ఒక కమ్మరింటి కోడల్ని నలుగురిలో నిలబెట్టి తిట్టారు. మిగతా నెలంతా తిత్తి ఊదేదీ సమ్మెట వేసేదీ ఆమే.

ఆ కొడవలిని చూశాను. లారీ కమాను పట్టీతో చేసింది. అంచు మీద ఆకురాయి మెత్తగా దిగింది. వేలెడు లోపల, మందంగా ఉన్నచోట పైపొర అరగదీశాక ఆకురాయి పట్టక జారిపోయింది. అంటే ఉక్కు మంచిదే, నీళ్ళలో ముంచడమూ సరిగానే జరిగింది. పోయింది పైపొరలోని కార్బన్. మైలే కారణమైతే పైపొరతో ఎందుకు ఆగింది?

కమాను ఉక్కులో కార్బన్ 0.5, 0.6 శాతం ఉంటుంది. అదుంటేనే ఎర్రగా కాల్చి ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. బొగ్గు పలచగా పోసి, తిత్తి ఉధృతంగా ఊది, ఇనుమును గాలిగొట్టం మూతికి ఎదురుగా పెడితే, మండగా మిగిలిన ఆక్సిజన్ దాన్ని పొలుసులుగా లేపి పైపొర కార్బన్‌ను తినేస్తుంది. బొగ్గు దట్టంగా పేర్చి ఇనుమును ఎత్తులో ఉంచితే ఆక్సిజన్ దారిలోనే ఖర్చయి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, నష్టం తగ్గుతుంది. అంచు పలచన కాబట్టి రెండు వైపులా కార్బన్ పోతే నడుమ గట్టి ఉక్కు మిగలదు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మర్లకు ఒకప్పుడు ఈ సంగతి చేతి అనుభవంతో తెలుసు. గాలి సోకకుండా మూసలను మట్టితో మూసి ఉక్కు కరిగించేవారు, దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. 1832లో అచ్చయిన హెన్రీ వాయిసీ వ్యాసంలో ఆ పని వివరాలున్నాయి. అంత జ్ఞానం పుట్టిన నేలమీద ఇవాళ తప్పును ఆడదాని ఒంటి మీదికి నెడుతున్నాం.

నా చిన్నప్పుడు మా ఊరి కమ్మరి పెద్దమ్మ ఆ మూడు రోజులూ గొడ్లపాకలో పడుకునేది. వానకు పాక కారుతుంటే గోనెపట్టా కప్పుకుని కూర్చునేది. నాలుగోనాడు తలస్నానం చేసి మళ్ళీ తిత్తి దగ్గరికే. ఆ మూడు రోజుల్లో ఏ పనిముట్టు పాడైనా నింద ఆమెదే, మిగతా రోజుల్లో పాడైతే బొగ్గుదో ఇనుముదో. గాలి ఎక్కువైందో తక్కువైందో మంట రంగు చూసి చెప్పగలిగింది ఆ ఇంట్లో ఆమే. పట్టకారు మాత్రం ఆమె చేతికి ఎన్నడూ ఇవ్వలేదు.