కావలికి కప్పమా?

ఇంటికి కావలి పెట్టుకొనుట గృహస్థధర్మము. కాని కావలివాని జీతమునకు వెఱచి గృహస్థుడు సగము గదులకు కావలి మాన్పించుకొనవలసివచ్చినచో ఆ కావలివలన ప్రయోజనమేమి? కంప్యూటర్లపై ఆధారపడి వ్యాపారము సాగించు మన సంస్థలు పెక్కులు నేడిట్టి సంకటముననే యున్నవి.

బ్యాంకు మొదలు మందుల దుకాణము వఱకు పద్దులన్నియు సర్వర్లలోనికి చేరినవి. డిస్కు నిండినను, నెట్వర్కు తెగినను, దొంగ చొచ్చినను వెంటనే హెచ్చరించుటకు పర్యవేక్షక సాఫ్టువేరు కావలెను. ఇది విలాసము కాదు. 2022 ఏప్రిల్ 28వ తేదీన భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ యిచ్చిన ఆదేశముల ప్రకారము, సంస్థలు తమ లాగులను, అనగా యంత్రములు తమ పనిని తామే వ్రాసికొను దినచర్య పద్దులను, 180 దినములు భద్రపఱుపవలెను; సైబరు దుర్ఘటన తెలిసిన 6 గంటలలో నివేదింపవలెను. చూడనిదే తెలియదు, తెలియనిదే నివేదింపలేము. కావున కావలి యుండవలెనా యను ప్రశ్నయే లేదు. దాని వెలను దేనితో కొలుచుచున్నారనునదే ప్రశ్న.

ఈ కొలతలు పలువిధములు. అమెరికాలోని డేటాడాగ్ సంస్థ యంత్రమునకింతయని లెక్కించు పద్ధతిని వ్యాప్తికి తెచ్చినది. జర్మనీవారి పీఆర్‌టీజీ సెన్సార్ల సంఖ్యను బట్టి లైసెన్సు నిర్ణయించినది. స్ప్లంక్ దినమునకు చేరు లాగుల పరిమాణమును బట్టి వెలకట్టుటకు ప్రసిద్ధి కెక్కినది. యంత్రమొకటికి నెలకు 15 డాలర్లనుకొందము. 50 యంత్రములున్న వర్తకునకు ఏటికి 9,000 డాలర్లగును. పండుగ బేరములకై యంత్రములను 150కి పెంచెనేని ఆ నెల బిల్లు మూడింతలగును. లాగుల కొలత యింతకన్న విపరీతము. ఆపద వచ్చిననాడే యంత్రము ఎక్కువగా మొఱపెట్టును. మొఱ యెక్కువైనకొలది బిల్లు పెరుగును. పూర్వము మన గ్రామములలో తలారికి కళ్లమునందు పంటలో మేర కొలిచి యిచ్చుచుండిరి. ఇల్లు కాలుచుండగా కేకకింతయని లెక్కకట్టు తలారిని మనవారెన్నడును ఎఱుగరు.

దీని ఫలమేమి? బిల్లు చూచి బెదరిన యజమాని చిన్న యంత్రములపై చూపు తీసివేయును. లాగులను తగ్గింపుమని ఉద్యోగిని ఆజ్ఞాపించును. పొదుపుచేసితినని సంతోషించును. చూపు తీసివేసిన తలుపుననే దొంగ ప్రవేశించును.

రెండవ చిక్కు యాజమాన్యమునకు సంబంధించినది. ఒకసారి కొని శాశ్వతముగా వాడుకొను లైసెన్సులు అంతరించి చందాలు వచ్చుచున్నవి. సర్వర్ల రంగమున ప్రసిద్ధమైన వీఎంవేరును 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొనెను. డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల విక్రయమును నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. స్ప్లంక్‌ను 2024లో సిస్కో సుమారు 2,800 కోట్ల డాలర్లకు కొనెను. యజమాని మారినప్పుడు కౌలు షరతులును మారవచ్చును, కౌలుదారు నడుగువారుండరు.

వేఱు మార్గము లేదా? కలదు. నెట్‌సెయింట్ అను పేర 1999లో వెలువడిన నాగియోస్, 2001లో లాత్వియాదేశీయుడు వెలువరించిన జాబిక్స్, 2012లో బెర్లినునందలి సౌండ్‌క్లౌడ్ సంస్థలో ఆరంభమైన ప్రొమీథియస్ — ఇవి లైసెన్సు రుసుము లేకయే లభించు ఓపెన్ సోర్సు సాధనములు. ఇవియు ఊరక నడువవు. వీనికి సర్వరు కావలెను, నేర్పరి కావలెను, అర్ధరాత్రి గంట మ్రోగినపుడు లేచువాడు కావలెను. పది యంత్రములు మాత్రమే యుండి నేర్పరి లేని దుకాణమునకు కొనుటయే చౌకయని మేమును ఒప్పుకొందుము. కాని రుసుముగా పోయిన ధనము మరల రాదు. మన యువకునకిచ్చిన జీతము నేర్పుగా మన సంస్థలోనే నిలుచును.

ఓపెన్ సోర్సువారును షరతులు మార్చుచున్నారుగదా యని కొందఱనవచ్చును. నిజమే. లాగుల వెదకులాటకు వాడు ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో తన స్వేచ్ఛా లైసెన్సును విడిచెను. అయినను అంతకుముందు వెలువడిన సోర్సుకోడును ఎవ్వరును వెనుకకు తీసికొనలేకపోయిరి. దానినుండియే అమెజాన్ మొదలగువారు ఓపెన్‌సెర్చ్‌ను వేఱుగా నడిపించిరి. మూసిన సాఫ్టువేరును కొన్నవానికి ఈ దారి లేదు.

స్వదేశీ సాధనములు మనకు లేకపోలేదు. చెన్నపట్టణపు జోహో వారి మేనేజ్ఇంజిన్ ప్రపంచమంతట అమ్ముడగుచున్నది. అది మనకు గర్వకారణమే. కాని అచ్చటను పరికరముల లెక్క కలదు. స్వదేశీయుడు వ్రాసినను కౌలు కౌలే. ఆ పత్రమును కూడ చదివియే సంతకము చేయవలెను.

కావున వర్తకులు ఒప్పందమునకు ముందు నాలుగు ప్రశ్నలడుగవలెను: లెక్కించునది యేది? ఆ లెక్క మూడింతలైనచో బిల్లెంత? మూడవయేట ధర నిర్ణయించునదెవరు? విడిచి పోవునాడు మన పాత పద్దులు మన వెంట వచ్చునా? విజయవాడ, విశాఖపట్టణము, హైదరాబాదు వర్తకసంఘములు చిన్న సంస్థలన్నిటికిని కలిపి ఉమ్మడిగా ఒక నేర్పరిని నియమించుట దుష్కరము కాదు. ఓపెన్ సోర్సునకు ప్రోత్సాహమిచ్చు విధానమును కేంద్రప్రభుత్వము 2015లోనే ప్రకటించియున్నది. టెండర్లు పిలుచు అధికారులు దానిని కాగితమునందే యుండనీయక ఆచరణమున చూపవలెను.

కుంచము ఎవరిదో, దాని లోతెంతయో చూడక గింజలు కొలిపించుకొను రైతు మన సీమలో లేడు. మన వర్తకులును లైసెన్సుపై సంతకము చేయుటకు పూర్వము ఆ కుంచమును ఒకసారి చేతికి తీసికొని చూతురుగాక.