శిఖంల విల్లా కొంటే తెలంగాణవాదం ఎట్లయితది?

తెలంగాణ ఎందుకని అడిగితే మనం ముందు చెప్పిన మాట నీళ్లు. ఉమ్మడి రాష్ట్రంల మా చెరువులను పాడువెట్టిండ్రని డల్లాస్‌ల, న్యూజెర్సీల, లండన్‌ల సభలు పెట్టి చెప్పినోళ్లం మనమే. నేనూ చెప్పిన. ఇప్పుడు అదే నోటితోని ఇంకో మాట చెప్పాలె.

మన పెద్దల చెరువు ఒక శాస్త్రం. పైచెరువు నిండితే మత్తడి దుంకి కిందిచెరువుకు, అది నిండితే ఇంకోదానికి. అందుకే గొలుసుకట్టు అన్నరు. ఎండకాలం పూడికమట్టి పొలాలకు తోలితే చెరువు లోతైతది, చేను బలపడుతది. ఏ మడికి ఎప్పుడు ఎన్ని నీళ్లో నీరటికి ఎరుక. కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువుల కింద నేటికీ పంట పండుతున్నది. కుండపోత వానకు, కరువుకు రెంటికీ ఇదే మందు. వాతావరణ సదస్సులల్ల ఇయ్యాల కొత్త పేర్లు పెట్టి చెప్తున్న పని మన నీరటి ఎప్పటినుంచో చేసిండు.

2015ల మిషన్ కాకతీయ మొదలైతే సంబురపడ్డం. 46 వేలకు పైగా చెరువులు లెక్కకొచ్చినయ్. మరి ఊర్లల్ల పూడిక తీసుకుంట, హైదరాబాద్ చుట్టూ చెరువులు పూడ్చుకుంట పోతే ఏం లాభం? 2020 అక్టోబర్‌ల పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగితే పాతబస్తీ దిక్కు బీదోళ్ల ఇండ్లు మునిగినయ్. భూమి వేడెక్కుడుల వాళ్ల వాటా ఎంత? ఇంటికి రెండు కార్లున్న మన వాటా ఎంత?

ఇంకో చేదు మాట. చెరువు అంచుల లేచే ‘లేక్ వ్యూ’ విల్లాలకు గిరాకీల మన డాలర్లు లేవా? నా ఫోన్‌కూ బ్రోషర్లు వస్తయ్. గజం ధర అడుగుతం, వాస్తు అడుగుతం, ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడని మాత్రం అడగం. ‘పర్మిషన్ ఉంది కదన్నా’ అంటరు. పర్మిషన్ కాయిదం చూసి వాన ఆగుతదా? రేపు కూలగొట్టుడు మొదలైతే ముందుగాల పోయేది గుడిసెనే.

పరాయోడు మింగితే దోపిడీ, మనోడు మింగితే అభివృద్ధి అయితదా? కొనేముందు గ్రామ నక్ష, చెరువు మ్యాపు తెప్పిచ్చి చూడుర్రి. హద్దులు గీసేకాడ నీరటోళ్లను, బెస్తోళ్లను కూసోబెట్టుమని సర్కారును అడుగుదాం, అది ఏ పార్టీదైనా సరే. ఇది గూడ చెయ్యలేనోళ్లం ఇగ నీళ్ల కోసం కొట్లాడినమని చెప్పుకోవద్దు.