మందూ – తాళంచెవీ

తిరువళ్ళూరు వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడని పిలుచుకోవడం మన పెద్దల నాటి నుండి వస్తున్నది. హృత్తాపనాశిని కోనేటిలో బెల్లం వేసి, అది కరిగినట్లే ఒంట్లో జబ్బూ కరిగిపోవాలని మొక్కుకునేవారిని ప్రతి అమావాస్యకూ చూస్తున్నాము. మొక్కు తీర్చుకుని ఇంటికి వచ్చి మాత్ర వేసుకోవడమూ మనకు అలవాటే. బెల్లం కరగడం కంటికి కనబడుతుంది. మాత్ర లోపలికి పోయి ఏం చేస్తుందో కనబడదు. ఈ నెల ఆ సంగతి కొంచెం ముచ్చటించుకుందాము.

ఇప్పుడే ఎందుకంటే, మతిమరుపు జబ్బుతో బాధపడే పెద్దలున్న ఇళ్ళవారు కొందరు, "హైదరాబాదులో మనవాళ్ళు దీనికి మందు కనిపెట్టారట గదా, మనకెప్పుడు అందుతుంది?" అని మమ్మల్ని అడుగుతున్నారు. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే గుమాస్తాలము. అయినా చదివి తెలుసుకున్నది నలుగురికీ చెప్పడం తప్పు కాదు గనుక చెబుతున్నాము.

మన శరీరంలో సెరటోనిన్ అనే పదార్థం ఒకటి ఉన్నది. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు 1948లో దీనిని రక్తం నుండి వేరు చేశారు. రక్తనాళాలను బిగించే గుణం ఉన్నదని అప్పుడు దీనికి పేరు. మెదడులో కూడా ఉన్నదని 1953లో బెట్టీ ట్వరోగ్ అనే ఆమె చూపించింది. నిజానికి దీనిలో ఎక్కువ భాగం పేగులలోనే ఉంటుంది. నిద్ర, ఆకలి, వాంతి, మనసులోని దిగులు, పేగుల కదలిక – ఇన్నింటిలోనూ దీని చేయి ఉన్నది.

ఒక్క పదార్థం ఇన్ని పనులు ఎలా చేస్తుంది? దీనికి జవాబు తాళాలలో ఉన్నది. మన ఇళ్ళలో పాత దిండుక్కల్ తాళం ఒకటైనా ఉండకపోదు. తాళం చెవి లోపలికి పోవడం వేరు, తిరగడం వేరు అని దానితో కుస్తీ పట్టినవారికి తెలుసు. శరీరంలోని కణాల మీద కూడా ఇటువంటి తాళాలే ఉన్నవి. వీటిని శాస్త్రజ్ఞులు రిసెప్టర్లు అంటారు. సెరటోనిన్ అనే ఒక్క చెవికి మన శరీరంలో సుమారు పదునాలుగు రకాల తాళాలు ఉన్నవి. పేగులో ఒకటి, రక్తనాళంలో ఒకటి, మెదడులో మరియొకటి. ఏ తాళం తెరుచుకుంటే ఆ పని జరుగుతుంది.

ఇక చెవి ఆకారం చూద్దాము. సెరటోనిన్‌ను కాగితం మీద గీస్తే రెండు గదుల ఇల్లు లాగా ఉంటుంది. ఆరు మూలల గది ఒకటి, అయిదు మూలల గది ఒకటి, రెండింటికీ నడిమి గోడ ఒక్కటే. దీనిని ఇండోల్ అంటారు. పెద్ద గదికి ఒక పక్క ఆక్సిజన్, హైడ్రోజన్ జంట అతుక్కుని ఉంటుంది. చిన్న గది నుండి రెండు కార్బన్ల తోక ఒకటి సాగి, దాని చివర నైట్రోజన్ ఉంటుంది. శరీరంలో ఆ నైట్రోజన్‌కు ధన విద్యుత్తు అంటుకుంటుంది. ఈ తాళాలలో దాదాపు అన్నింటి లోపలా ఋణ విద్యుత్తు ఉన్న చోటు ఒకటి ఉన్నది. రెండూ కొక్కెం తగిలినట్లు పట్టుకుంటవి. తక్కిన భాగాలు లోపలి గోడలకు ఎంత చక్కగా ఆనుకుంటే పట్టు అంత గట్టిగా ఉంటుంది. మూడవ రకం తాళం మాత్రం కట్టడమే వేరు. క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఆ తాళాన్నే మూసేది.

మందులు చేసేవారి పని ఈ చెవిని అరగదీసి, అతుకులు వేసి, కావలసిన ఒక్క తాళానికే పట్టేటట్లు చేయడం. పార్శ్వపు తలనొప్పికి ఇచ్చే సుమట్రిప్టాన్‌ను చూడండి. రెండు గదుల ఇల్లు అదే, తోకా అదే. పెద్ద గది పక్కన ఉన్న జంటను తీసి గంధకం ఉన్న గొలుసు ఒకటి తగిలించారు, తోక చివర రెండు చిన్న కొమ్మలు చేర్చారు. దానితో అది ముఖ్యంగా తల రక్తనాళాలలోని తాళాలను తిప్పి, వాటిని బిగించి, నొప్పి తగ్గిస్తుంది. అయితే గుండె రక్తనాళాలలోనూ ఆ రకం తాళాలు కొన్ని ఉన్నవి. అందుకే గుండెజబ్బు ఉన్నవారికి డాక్టర్లు ఈ మాత్ర ఇవ్వరు. పక్కింటి తలనొప్పి మాత్ర మన నాన్నగారికి పనికిరాకపోవడానికి ఇదీ ఒక కారణం.

చెవిని మనమే కాదు, మన శరీరం కూడా అరగదీస్తుంది. ఫెన్‌ఫ్లూరమిన్ అని ఆకలి తగ్గించి లావు తగ్గించే మందు ఒకటి అమెరికాలో విరివిగా అమ్ముడుపోయింది. శరీరం దాని నుండి రెండు కార్బన్ల చిన్న ముక్కను తుంచివేస్తుంది. మిగిలిన చెవి పోయి గుండె కవాటాల మీద ఉన్న ఒక తాళాన్ని తిప్పింది. కవాటాలు మందమై పాడైనవి. 1997 సెప్టెంబరులో ఆ మందును బజారు నుండి తీసివేశారు. తుంచినది చిన్న ముక్క, చెడినది గుండె.

ఇక హైదరాబాదు సంగతి. వెంకట్ జాస్తిగారు 1989లో నెలకొల్పిన సువెన్ లైఫ్ సైన్సెస్ అనే సంస్థ ఆరవ రకం సెరటోనిన్ తాళం మీద చాలా ఏళ్ళు పని చేసింది. ఈ తాళం 1993లో బయటపడింది. ముఖ్యంగా మెదడులోనే ఉంటుంది. దీనిని మూసి ఉంచితే జ్ఞాపకానికి కావలసిన ఇతర పదార్థాలు మెదడులో ఎక్కువగా విడుదల అవుతవని ఆశ. అంటే ఇక్కడ కావలసింది లోపలికి పోయి తిరగకుండా కూర్చునే చెవి. అసలు చెవిని రానివ్వకుండా అడ్డుపడాలి.

అది ఎలా సాధ్యం? చిన్న గదిలో ఉన్న నైట్రోజన్‌కు గంధకం ద్వారా బెంజీన్ చక్రం ఒకటి తగిలిస్తే, తిప్పే చెవి అడ్డుపడే చెవిగా మారుతుందని అమెరికాలో గ్లెన్నన్ బృందం 2000లో చూపించింది. హైదరాబాదువారు ఆ చక్రానికి బ్రోమిన్ ఒకటి చేర్చారు. సన్నని తోకకు బదులు రెండు నైట్రోజన్లున్న పిపరజిన్ చక్రం పెట్టారు. రామకృష్ణ నిరోగి మున్నగువారు ఈ పనిని 2017లో ప్రకటించారు. మందు పరిశోధకునికి నిరోగి అనే ఇంటిపేరు ఎంత చక్కగా కుదిరిందో! ఈ మందు పేరు మసుపిర్డిన్. దీని పట్టు ఎంత గట్టిదంటే, లీటరు నీటిలో సుమారు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షలవ వంతు ఉంటే చాలు, సగం తాళాలను ఆక్రమిస్తుంది. వందకు పైగా ఇతర తాళాల మీద, ఎంజైముల మీద పరీక్షించి, వాటి జోలికి పెద్దగా పోదని చూశారు. తాళం పనివాడు ఇంతకంటె చేయగలిగినది లేదు.

తరువాత అమెరికాలో ఆల్జీమర్స్ మధ్యస్థంగా ముదిరిన 564 మందికి, వారు మామూలుగా వాడే డోనెపెజిల్, మెమాంటిన్ మాత్రలతో పాటు, కొందరికి ఈ మందు, కొందరికి ఉత్త మాత్ర 26 వారాలు ఇచ్చి చూశారు. 2019 నవంబరులో ఫలితం చెప్పారు. జ్ఞాపకశక్తి విషయంలో ఉత్త మాత్రకూ దీనికీ తేడా కనబడలేదు. ఇదే తాళాన్ని నమ్ముకున్న విదేశీ మందులు ఇడలోపిర్డిన్, ఇంటెపిర్డిన్ కూడా అంతకు ముందే ఇలాగే ఆగిపోయినవి. అయితే లెక్కలు మళ్ళీ తిరగవేసి చూడగా, రోగులలో కొందరికి చిరాకు, ఆవేశం తగ్గినట్లు తోచింది. దానిని తేల్చుకోవడానికి వేరే పరీక్ష మొదలుపెట్టారు. రాత్రిళ్ళు ఇంట్లో పెద్దాయన కేకలు వేస్తుంటే మేలుకుని కూర్చున్నవారికి అది కూడా చిన్న మేలు కాదు.

కనుక అడిగినవారికి మా జవాబు ఇది. మనవాళ్ళు చేసిన చెవి మంచి చెవి. పోయిన జ్ఞాపకాన్ని ఆ తలుపు తెరిచి తేగలమని మాత్రం రుజువు కాలేదు. అందుచేత మతిమరుపుకు మందు వచ్చేసిందని చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. డాక్టరు ఇప్పుడు ఇస్తున్న మాత్రలను మీ అంతట మీరు ఆపకండి.

మరొక్క మాట. దిగులుకు ఇచ్చే మాత్రలు చాలావరకు ఈ తాళాల మీద పని చేయవు. విడుదలైన సెరటోనిన్ మళ్ళీ లోపలికి పోకుండా ఆపి, బయట దానిని పెంచుతవి. అటువంటి మాత్ర వాడేవారికి నొప్పి కోసం ట్రమడాల్, దగ్గు కోసం డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరప్ తోడైతే సెరటోనిన్ మితిమీరవచ్చు. వణుకు, చెమటలు, జ్వరం, కండరాలు ఎగిరిపడడం, గుండె దడ కనబడితే వెంటనే ఆస్పత్రికి తీసుకొని పోవాలి.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది గాని, మన అవ్వలు నొప్పిని చెప్పుకునేది ఇప్పటికీ తెలుగులోనే. డాక్టరు అడిగేది తమిళంలో, చీటీ వ్రాసేది ఇంగ్లీషులో. ఈ మూడింటి నడుమ ఒక మాత్ర పేరు జారిపోవడం ఎంత సులువు! ప్రతి ఇంట్లోనూ పెద్దలు వేసుకునే మాత్రలన్నింటి పేర్లు, దగ్గు మందుతో సహా, ఒక కాగితం మీద వ్రాసి, ఎప్పుడు ఏ డాక్టరు వద్దకు పోయినా ముందుగా దానిని చూపించండి. అందుకు ఖర్చు లేదు. ఈ నెల అమావాస్య లోగా ఆ పని ముగించుకోవలసినదిగా కోరుతున్నాము.