మిరియాల పళ్లెంలో రెండో వేలు

జూన్ రెండో వారంలో బడులు తెరిచారు. చర్చి ప్రాంగణాల్లో నడిచే మన నర్సరీలు, ఎల్‌కేజీలు మళ్లీ ఏడుపులతో, కేరింతలతో నిండాయి. అంతకు ముందు నెలలోనే చాలాచోట్ల ఇవే హాళ్లలో వీబీఎస్‌లు జరిగాయి. పిల్లలు దాదాపు వాళ్లే, టీచర్లూ చాలాచోట్ల వాళ్లే. ఈ చిన్నపిల్లలకు మనం చేసి చూపించే "సైన్సు" గురించి సంఘాల ముందు ఒక మాట పెట్టాలనుకుంటున్నాను. ఒక పళ్లెం నీళ్లతో మొదలుపెడతాను.

మీలో చాలామంది చూసే ఉంటారు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పైన మిరియాల పొడి చల్లుతారు. ఆ నల్లటి పొడి మన పాపాలు అని చెబుతారు. టీచరు సబ్బు రాసుకున్న వేలు మధ్యలో పెట్టగానే పొడి ఒక్కసారిగా అంచులకు పరుగెత్తుతుంది. పిల్లలు అరుస్తారు. "చూశారా, యేసయ్య మన హృదయంలోకి వస్తే పాపం ఇలా పారిపోతుంది" అంటారు. చప్పట్లు, పాట, ప్రార్థన.

నేనూ ఏళ్ల తరబడి ఇలాగే చేశాను. రెండేళ్ల కిందటి వీబీఎస్‌లో నాలుగేళ్ల బాబు ఒకడు తానూ వేలు పెడతానని పట్టుబట్టాడు. సరే అని వాడి వేలికీ సబ్బు రాశాను. పెట్టాడు. ఏమీ కదలలేదు. మళ్లీ పెట్టాడు. పొడి అంచునే ఉండిపోయింది, కొంత అడుగుకు దిగడం కూడా మొదలైంది. వాడు నా మొహంలోకి చూసి, "నేను పెడితే యేసయ్య రాడా టీచర్?" అన్నాడు.

నాకు మాట రాలేదు. "రేపు చేద్దాం, కూర్చో నాన్నా" అన్నాను. ఆ రేపు మాత్రం రాలేదు.

అక్కడ జరిగింది చాలా మామూలు విషయం. నీటి పైభాగం సాగదీసిన పల్చటి పొరలా బిగువుగా ప్రవర్తిస్తుంది. దాన్నే తలతన్యత అంటాం. తేలికైన మిరియాల పొడి దాని మీద నిలబడుతుంది. సబ్బు తగిలిన చోట ఆ బిగువు తగ్గిపోతుంది. చుట్టూ ఉన్న నీటిలో బిగువు ఇంకా ఎక్కువగానే ఉంటుంది కనుక ఆ నీరు బయటికి లాక్కుంటుంది, దానితో పాటు పొడీ పోతుంది. ఒకసారి సబ్బు పైభాగమంతా పరుచుకున్నాక లాగడానికి తేడా ఏమీ మిగలదు. అందుకే రెండో వేలికి ఏమీ జరగదు. పళ్లెం శుభ్రంగా కడిగి కొత్త నీళ్లు పోస్తే మళ్లీ జరుగుతుంది. ఆ బాబుకు ఈ మాట చెప్పి, "పద, పళ్లెం కడిగి మళ్లీ చూద్దాం" అని ఉంటే సరిపోయేది. నేను దాన్ని దేవుని గురించిన రుజువుగా చూపించాను. వాడు దాన్ని రుజువుగానే తీసుకున్నాడు. అది తన వేలి దగ్గర తప్పిపోయింది. తప్పు తనదేనేమో అనుకున్నాడు.

ఆదివార బడుల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అయోడిన్ వేసిన గోధుమరంగు నీళ్లలో బ్లీచు పోసి పాపం తెల్లబడిందని చూపించేది ఒకటి. అర్థం సంగతి పక్కన పెట్టండి, నాలుగేళ్ల పిల్లల మధ్య బ్లీచు సీసా ఎందుకు? దాని బదులు విటమిన్ సీ మాత్ర వేసినా ఆ రంగు పోతుందని తెలిసినవాళ్లు కూడా చేతికందింది వాడేస్తుంటారు.

ఇది ఇప్పుడే మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు వయసును ఒకే దశగా, పునాది దశగా చూసింది. 2022 అక్టోబరులో ఆ దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆటబొమ్మలు, పజిళ్లు, చేతిబొమ్మలు, కథల పుస్తకాలతో "జాదూయీ పిటారా" అనే పెట్టె విడుదలైంది. 2024లో అంగన్‌వాడీల కోసం "ఆధారశిల" పేరుతో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పాఠ్యప్రణాళిక వచ్చింది. అన్నీ చెప్పేది దాదాపు ఒకటే. ఈ వయసు పిల్లలు ఆడుతూ, తాకుతూ, చేసి చూస్తూ నేర్చుకుంటారు. ఆరేళ్లలోపు వాళ్ల మీద పాఠ్యపుస్తకాలు రుద్దకూడదు, పరీక్షలు పెట్టకూడదు.

మన గదుల్లో జరిగేది వేరు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. దానికి కింద ఉన్న నర్సరీలో ఏం నేర్పాలన్నది ఎక్కువగా దాన్ని నడిపేవారి ఇష్టానికే మిగిలిపోయింది. మన విషయంలో నడిపేవారంటే పాస్టరు గారు, సంఘ కమిటీ, డయాసిస్. మూడేళ్ల పిల్ల నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దితేనే చదువు వస్తోందని తల్లిదండ్రులు నమ్ముతారు. ఫీజు కట్టేది వాళ్లు కనుక మనం కాదనలేం. ఇక సైన్సు అంటే మొక్క బొమ్మకు పచ్చ రంగు వేయడం. లేదా ఏడాదికోసారి సైన్స్ డే నాడు ఇంట్లో నాన్న చేసిన అగ్నిపర్వతం మోడల్ తెచ్చి బల్ల మీద పెట్టడం, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టడం. ఆ పిల్ల చెయ్యి దాన్ని తాకి ఉండదు.

మన మట్టుకు మనం దీనికి పరాయివాళ్లం కాదు. పిల్లలకు మాటకన్నా ముందు వస్తువు చూపించాలని వాదించిన కొమీనియస్ మొరావియా దేశపు బిషప్పు. పిల్లల కోసం బొమ్మలతో ఆయన చేసిన ఓర్బిస్ పిక్టస్ 1658లో వెలువడింది. కిండర్‌గార్టెన్‌కు ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్ లూథరన్ పాదిరి కొడుకు. ఆయన బడిలో పిల్లలు బంతులు, దిమ్మలు పట్టుకుని ఆడేవారు, తోటలో తవ్వేవారు. నాస్తికత్వం నేర్పుతున్నారని ప్రష్యా ప్రభుత్వం 1851లో ఆ బడులను నిషేధించింది. 1860లో నిషేధం ఎత్తేసేనాటికి ఆయన చనిపోయి ఎనిమిదేళ్లయింది. చేతులతో నేర్చుకుంటే విశ్వాసం పోతుందన్న భయం కొత్తదేమీ కాదని చెప్పడానికే ఇది గుర్తు చేశాను.

ఆ భయం మన సంఘాల్లోనూ ఉంది. కాకపోతే వేరే రూపంలో. "వట్టి సైన్సు చెబితే మన బడికీ మిగతా బడులకీ తేడా ఏముంది?" అని కమిటీ మీటింగులో అడుగుతారు. అందుకే ప్రతి ప్రయోగం చివర ఒక వాక్యం అతికిస్తాం. అడిగేవాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు, ప్రశ్న కూడా న్యాయమైనదే. కానీ యేసు ప్రభువు ఉపమానాలు చెప్పిన తీరు చూడండి. విత్తనం గురించి విన్నవాళ్లు విత్తనం చల్లినవాళ్లు. పులిసిన పిండి గురించి విన్న స్త్రీలు పొద్దున్నే పిండి కలిపి వచ్చినవాళ్లు. వాళ్ల చేతులకు తెలిసిన సంగతి మీద ఆయన మాట నిలబడింది. మన అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆ చేతి అనుభవమే లేదు. విత్తువాని ఉపమానం వాళ్లకు ఫ్లాష్‌కార్డు మీది బొమ్మ.

కాబట్టి ముందు విత్తనాన్ని విత్తనంగానే ఇవ్వండి. తడిపిన గుడ్డలో పెసలు కట్టి ప్రతి పిల్లకూ ఒక మూట. మర్నాడు విప్పి చూస్తే ఉబ్బి ఉంటాయి, ఆ తర్వాత తెల్లటి మొలక ముక్కు బయటికి వస్తుంది. ఒక మూట తడపకుండా పొడిగా ఉంచండి. ఒకటి చీకట్లో పెట్టండి. చీకట్లో పెట్టినవీ మొలుస్తాయి. పిల్లలు ఆశ్చర్యపోతారు, చాలామంది టీచర్లు కూడా. వాటిని వెలుగులోకి తెచ్చినవాటి పక్కన పెడితే సన్నగా, పాలిపోయి, పొడవుగా సాగి కనిపిస్తాయి. ఎందుకని అడిగితే ముందు పిల్లలను చెప్పనివ్వండి. తప్పు చెబుతారు, చెప్పనీయండి. ఇది వారం పది రోజుల పని. ఖర్చు గుప్పెడు పెసలు. ఉపమానం ఎప్పుడో ఆగస్టులో ఒక ఆదివారం చెబితే ఆ పిల్లలకు అప్పుడు మట్టి, రాయి, ముల్లు అంటే ఏమిటో తెలిసి ఉంటుంది. ఆవగింజలు వేసిన చోట ఒక పాప రోజూ వచ్చి పక్షులు ఎప్పుడు వస్తాయని అడుగుతుంటే, మన ఆవ మొక్క అంత పెద్దది కాదని నిజం చెప్పేయాలి మరి.

నీళ్ల తొట్టి ఇంకా సులువు. కొబ్బరి చిప్ప, రాయి, చెంచా, చింతగింజ, ఖాళీ సీసా, మూత. ఏది మునుగుతుందో ముందే చెప్పమనడం, తర్వాత వేసి చూడడం. ఉదయం ప్రార్థనకు నిలబెట్టినప్పుడు నేల మీద నీడ చుట్టూ సుద్దతో గీత గీసి, ఇంటికి పోయేముందు మళ్లీ అక్కడే నిలబెట్టడం. కాకపోతే జాగ్రత్తలు ఉన్నాయి. శనగలు, బఠానీలు పిల్లలు ముక్కులో దోపుకుంటారు. కొద్దిపాటి నీళ్లున్న బకెట్ అయినా చిన్నపిల్లకు ప్రాణాపాయమే, ఒక పెద్ద మనిషి ఎప్పుడూ పక్కన ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే. ఒక గదిలో 40 మంది, ఒక టీచరు, ఆమెకు తోడు ఎవరూ లేరు. ఈ పరిస్థితిలో నీళ్లు బయటికి తీయమని చెప్పే ధైర్యం నాకు లేదు. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు 20 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. మన సంఘ నర్సరీల్లో ఎన్నిటిలో అది ఉంది? ఆ టీచర్లలో ఎక్కువమంది మన సంఘాల ఆడపిల్లలే. సేవ అనుకుని చేస్తున్నారని తక్కువ జీతం ఇస్తున్నాం, పిల్లలు ఊరికే ఉండాలంటే వాళ్ల ముందు పుస్తకం పెట్టి రాయించడం తప్ప దారి లేకుండా చేస్తున్నాం. రాయించడం వాళ్ల తప్పు కాదు. గంట గోపురానికి రంగులు వేయడానికి వచ్చే చందా, ఒక ఆయా జీతానికి రాదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివేటప్పుడు ఎవరైనా లేచి, నర్సరీలో ఒక్కో గదికి ఎంతమంది పిల్లలని అడిగితే బాగుంటుంది.

జవాబు తెలియని ప్రశ్న వస్తే? వస్తుంది. ఎండలో పెట్టిన మంచు ముక్క ఎక్కడికి పోయింది, నీళ్లు ఎక్కడికి పోయాయి అని అడుగుతారు. "నాకూ తెలియదు, కనుక్కుని చెప్తా" అనడం నాలుగేళ్ల పిల్లల ముందు సిగ్గుపడాల్సిన మాట కాదు. సబ్బు వేలి దగ్గర నేను అనాల్సింది కూడా అదే.

ఈ మే నెలలో మా వీబీఎస్‌లో ఆ పళ్లెం మళ్లీ పెట్టాం. పాపం అనే మాట లేకుండా, పాట లేకుండా. ప్రతి ఇద్దరికీ ఒక పళ్లెం, పక్కన కడుక్కోవడానికి నీళ్లు. ఉప్పు రాసిన వేలు, పంచదార రాసిన వేలు, నూనె వేలు, వట్టి వేలు, సబ్బు వేలు. నూనెకు పొడి ఎందుకు కదిలిందని అడిగినప్పుడు కనుక్కుని చెప్తానన్నాను, మర్నాడు చెప్పాను. సబ్బు అంటిన పళ్లెం సరిగ్గా కడగకపోతే మళ్లీ జరగదని రెండో రోజుకే వాళ్లు కనిపెట్టారు. అది నేను చెప్పలేదు. మూడో రోజు ఒక పాప ఇంటి నుంచి షాంపూ ప్యాకెట్టు తెచ్చుకుంది.